డిసెంబరు నెల, మా టీచరమ్మ గారు

క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం ఆరాధన అయిపోగానే మగవాళ్ళు చెప్పులేసుకుని ఇళ్ళదారి పట్టేవాళ్ళు. స్త్రీల సమాజం వాళ్ళు మాత్రం కదిలేవాళ్ళు కాదు. గుడి వెనక వేపచెట్టు కింద చాపలు పరుచుకుని చుట్టూ కూర్చునేవాళ్ళు. మధ్యలో టీచరమ్మ గారు. ఒళ్ళో లాంగ్ నోట్‌బుక్కు, కొప్పులో దోపుకున్న పెన్సిలు. అమ్మ కొంగు పట్టుకుని ఆ పుస్తకంలోకి తొంగిచూడటం మా పిల్లకాయలకి అలవాటు.

ఆ పుస్తకం నిండా మనుషుల పేర్లే. ఈ ఏడాది ఎవరింట్లో మనిషి పోయారు, ఎవరు మంచానపడ్డారు, ఎవరి భర్తకి పని పోయింది, ఎవరింటికి కొత్త కోడలు వచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు... ఇవన్నీ ఒకరు చెబుతుంటే ఇంకొకరు అందుకునేవాళ్ళు. "ఆ వివరాలన్నీ మనకెందుకమ్మా, మనిషి పేరు చెప్పండి చాలు" అని టీచరమ్మ గారు మధ్యలోనే ఆపేవారు. ఆ నాలుగు వారాల్లో ఆ పేర్లన్నింటినీ పలకరించి రావాలి. అది పూర్తయితేనే పండగకి తయారైనట్టు లెక్క. గుంటూరు కొత్తపేటలో పుట్టిపెరిగిన నాకు క్రిస్మస్ అంటే మొదట అబ్బింది ఇదే.

ఆగమన కాలం సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. నవంబరు 30కి దగ్గర్లో పడే ఆదివారంతో అది మొదలవుతుంది. అక్కణ్ణుంచి క్రిస్మస్ దాకా నాలుగు ఆదివారాలు. బలిపీఠం మీద ఊదారంగు బట్ట పరుస్తారు. ఆ రోజుల్లో చదివే వాక్యాలు కూడా పండగ సందడివి కావు. బాప్తిస్మమిచ్చే యోహాను అరణ్యంలో నిలబడి, దారి సిద్ధం చేసుకోండి, మనసు మార్చుకోండి అని కేకలు పెట్టేవి. లూకా సువార్త మూడో అధ్యాయంలో జనం ఆయన్ని అడుగుతారు, అయితే మేమేం చెయ్యాలి అని. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికిమ్మంటాడు, అన్నం ఉన్నవాణ్ణీ అలాగే చెయ్యమంటాడు. టీచరమ్మ గారికి ఆ మాట ప్రాణం. "వాళ్ళు ప్రార్థన ఎలా చెయ్యాలి అని అడగలేదర్రా, ఏం చెయ్యాలి అని అడిగారు" అనేవారు. అలాగని ఆవిడ ప్రార్థనని తక్కువ చేసిన మనిషి కాదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి మోకాళ్ళ మీద ఉండేవారని వాళ్ళింటి పక్కవాళ్ళు చెప్పేవాళ్ళు.

ఆవిడ బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. సమాజంలో పెద్దావిడ. అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు గారు కూడా ఆవిడ మాటకి విలువిచ్చేవారు.

మా వంటింట్లో పొయ్యి పక్క అరుగు మీద ఒక డాల్డా డబ్బా ఉండేది. ఎసరు పెట్టాక అమ్మ శేరుతో బియ్యం కొలిచి చేటలో పోసి, రాళ్ళేరి, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. పూటపూటా అంతే. ఏడాదంతా ఉన్న అలవాటే అయినా ఆగమన కాలంలో ఆ పిడికిలి కొంచెం పెద్దదయ్యేది. ఓసారి నేను అడిగాను, బస్తాలోంచే విడిగా తియ్యొచ్చు కదా, కొలిచిన దాంట్లోంచి ఎందుకు తీస్తావు అని. "బస్తాలోంచి తీస్తే మీ నాన్న కష్టం ఇచ్చినట్టు. కొలిచిన దాంట్లోంచి తీస్తే మన కంచంలోది ఇచ్చినట్టు" అంది. నిజంగానే ఆ పూట అన్నం ఆ మేరకి తగ్గేది. ఆఖర్న తినేది అమ్మే కాబట్టి తగ్గింది ఎవరి కంచంలోనో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. ఆదివారం ఆ బియ్యం గుడికి తీసుకెళ్తే, అన్ని ఇళ్ళ బియ్యం ఒకే గోనెసంచిలో పడేవి. సన్నబియ్యం, ముతకబియ్యం, దంపుడు బియ్యం అన్నీ కలిసిపోయి, ఎవరు ఏవి తెచ్చారో తెలిసేది కాదు. ఆ సంచి పెద్దాసుపత్రి పనికి వెళ్ళేది.

పెద్దాసుపత్రి అంటే గుంటూరు జనరల్ ఆసుపత్రి. పల్నాడు నుంచీ ప్రకాశం జిల్లా నుంచీ జబ్బుపడ్డ వాళ్ళని బస్సుల్లో వేసుకుని అక్కడికే తెచ్చేవాళ్ళు. రోగికి మంచం దొరికేది, ఆసుపత్రి అన్నం దొరికేది. వెంట వచ్చిన వాళ్ళకి మాత్రం వరండాయే దిక్కు. డిసెంబరు చలికి గోనెపట్టా పరుచుకుని, తువ్వాలు కప్పుకుని, తలకింద చేతిసంచి పెట్టుకుని పడుకునేవాళ్ళు. సమాజం వాళ్ళు సాయంత్రం పూట వేడన్నం, చారు, ఏదో ఒక పచ్చడి పట్టుకెళ్ళేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు ఫ్లాస్కుల్లో వేణ్ణీళ్ళు తెచ్చేవాళ్ళు. మందు వేసుకోవడానికి గుక్కెడు వేణ్ణీళ్ళ కోసం ఆ మనుషులు బయట టీ కొట్టు దాకా వెళ్ళాల్సి వచ్చేదని టీచరమ్మ గారు కనిపెట్టారు.

హైస్కూల్లో చేరాక నాకూ ఒక పని అప్పజెప్పారు, ఉత్తరాలు రాయడం. కార్డుల కట్ట, ఇంకు పెన్ను, అట్ట పట్టుకుని వరండాలో కూర్చుంటే, చదువురాని వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన చతికిలబడేవాళ్ళు. టీచరమ్మ గారు నాకు గట్టిగా చెప్పింది ఒకటే. వాళ్ళు ఎలా చెబితే అలాగే రాయి, నీ తెలుగు అందులో కలపకు. ఇంట్లోవాళ్ళు చదివించుకుంటే వాళ్ళ మనిషి గొంతే వినపడాలి.

గురజాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు ఇప్పటికీ కళ్ళల్లో మెదులుతాడు. కొడుకు బండి మీంచి పడి నడుం దెబ్బతిని లోపల మంచం మీద ఉన్నాడు. ఆయన రాయించిన ఉత్తరంలో కొడుకు గురించి ఒక్క వాక్యమే. పిల్లోడు బాగుండాడు, అన్నం తింటన్నాడు, మీరేం దిగులు పడబాకండి. మిగతాదంతా ఇంటి సంగతులే. బర్రె ఈనిందా, దూడకి సరిగ్గా పాలు వదులుతున్నారా, పత్తి తీతకి ఎవరెవరు వస్తున్నారు, కూలి డబ్బులు నేనొచ్చాక ఇస్తానని చెప్పండి, దొడ్డి తలుపుకి గొళ్ళెం సరిగ్గా పడటంలేదు, రాత్రిపూట తాడుతో కట్టండి. ఆ కొడుకు అన్నం ముట్టుకుని చాలా రోజులైందని అప్పటికే నాకు తెలుసు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను.

కార్డు మీద అడ్రసు రాస్తుంటే ఆయన టీచరమ్మ గారి వైపు తిరిగాడు. "అమ్మా, మీరంతా ఎవురు? రోజూ వచ్చి మాకెందుకు చేస్తన్నారు?"

ఆవిడ అన్నం గిన్నె పక్కన పెట్టి కింద కూర్చున్నారు. "మా దేవుడు పుట్టిన పండగ వస్తోందన్నా. ఆయన పుట్టే వేళకి వాళ్ళమ్మా నాన్నా ఊరుగాని ఊళ్ళో ఉన్నారు. ఉండటానికి ఎక్కడా చోటు దొరకలేదు. అందుకని ఈ నెల్లో చోటు లేని వాళ్ళ దగ్గరికి వస్తాం."

"చోటు దొరక్కపోతే మరి యాడ ఉండారు?"

"పశువుల కొట్టంలో. బిడ్డని గడ్డి వేసే తొట్టిలో పడుకోబెట్టింది తల్లి."

ఆయన కాసేపు ఆలోచించాడు. "పచ్చి బాలెంతరాలికి నీళ్ళు కాచి పోసే ఆడమనిషి ఎవురన్నా ఉండారా దగ్గిర?"

పుట్టినప్పటి నుంచీ ఆ కథ వింటున్నాను. గొర్రెల కాపరుల గురించీ, తూర్పుదేశపు జ్ఞానుల గురించీ, నక్షత్రం గురించీ ఎన్నోసార్లు విన్నాను. ఈ ప్రశ్న మాత్రం మా గుడిలో ఎవరూ అడగ్గా వినలేదు. టీచరమ్మ గారికి కూడా కొత్తగానే తోచినట్టుంది. "గ్రంథంలో ఆ సంగతి రాయలేదన్నా. ఆ ఊళ్ళో ఎవరో ఒక తల్లికి మనసు ఒప్పక వచ్చే ఉంటుందని నా నమ్మకం" అన్నారు. ఆయన తలూపాడు. "మావాడి సంగతి మీ దేవుడికి చెప్పమ్మా" అన్నాడు. అప్పుడు మాత్రమే, ఆయన అడిగాక మాత్రమే, ఆవిడ ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుని లోపలికెళ్ళి ఆ కుర్రాడి మంచం పక్కన చిన్న ప్రార్థన చేశారు.

ఈ 'అడిగాక' అన్న దాంట్లో ఆవిడ చాలా ఖచ్చితం. అన్నం పెట్టేటప్పుడు వాక్యం చెప్పకూడదు. ఆకలితో ఉన్నవాడికి కాదనే స్వేచ్ఛ ఉండదు అనేవారు. వరసలో కూర్చున్న వాళ్ళలో నువ్వెవరు, మీదే కులం, ఏ మతం అన్న ప్రశ్నే ఉండకూడదు. జబ్బు మనిషి తలదగ్గర నిలబడి గట్టిగా పాడకూడదు. అడిగితే మటుకు దాచకూడదు, సిగ్గుపడకూడదు, పక్కన కూర్చుని తీరిగ్గా చెప్పాలి. సువార్త పంచుకోవడం అంటే నాకు ఇప్పటికీ ఈ క్రమమే సరైనదనిపిస్తుంది. ముందు మనిషి దగ్గరికి వెళ్ళడం, పని చెయ్యడం, ఆ మనిషి నోరు తెరిచి అడిగేదాకా ఓపిక పట్టడం. ఆ అడిగే గడియ వచ్చినప్పుడు మన నమ్మకాన్ని ఉన్నదున్నట్టు ప్రేమగా చెప్పడం. దీన్ని మించిన పద్ధతి నేనింతవరకూ చూడలేదు.

ఆవిడకి ఈ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో సండే స్కూల్లో ఆవిడ చెప్పే కథల్ని బట్టి ఊహించగలను. 1842 జూలైలో అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరినప్పుడు అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయన్ని ఆదరించాడనీ, వచ్చీరాగానే ఆయన బళ్ళు పెట్టాడనీ చెప్పేవారు. "ఆయనకైనా ఈ ఊళ్ళో ఎవరో చోటిస్తేనే కదర్రా నిలిచింది" అనేవారు. అంతకన్నా ఎక్కువగా డాక్టరు అన్నా కుగ్లర్ గారి గురించి చెప్పేవారు. టీచరమ్మ గారు పుట్టింది ఆ కుగ్లర్ ఆసుపత్రిలోనే. 1883లో కుగ్లర్ గారు అమెరికా నుంచి వచ్చేటప్పటికే వైద్యం చదివి ఉన్నారు. పంపిన వాళ్ళు మాత్రం ఆవిడ్ని పంపింది వైద్యం చెయ్యడానికి కాదు, ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పే పని మీద. ఆ ఇళ్ళకి వెళ్ళినప్పుడు కళ్ళెదుట పురిటి బాధలు, జ్వరాలు కనపడుతుంటే ఆవిడ ఊరుకోలేకపోయారు, మందులిస్తూ వచ్చారు. ఆసుపత్రి తెరిచేటప్పటికి 1898 అయింది. పదిహేనేళ్ళ ఎదురుచూపు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. "పదిహేనేళ్ళూ ఆవిడకి ఆగమన కాలమే" అని టీచరమ్మ గారు అన్నమాట నాకు బాగా నాటుకుపోయింది. చేతిలో ఉన్న పని చేసుకుంటూనే రావాల్సిన దాని కోసం చూడటం.

ఇక 1977. మా తరం గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళెవరూ ఆ ఏడాదిని మర్చిపోలేరు. నవంబరు 19, శనివారం. నేను అప్పుడు ఐదో తరగతి. ఆ రాత్రి తుఫాను గాలికి మా వసారా రేకులు లేచిపోయాయి, కరెంటు పోయింది, నాయనమ్మ మమ్మల్నందరినీ పందిరి మంచం కిందకి చేర్చి కీర్తనలు పాడుతూ కూర్చుంది. తెల్లారాక చూస్తే వీధినిండా విరిగిన కొమ్మలు. మాకు పోయింది అంతవరకే. దివిసీమలో, మా జిల్లా తీరంలో ఏం జరిగిందో తెలియడానికి రోజులు పట్టింది. తంతి తెగిపోయింది, రోడ్లు తెగిపోయాయి. తర్వాత ఒక్కొక్కటే వార్త రావడం మొదలైంది. సముద్రం ఊళ్ళ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. పశువులకి లెక్కే లేదు.

తర్వాతి ఆదివారం, 27వ తేదీ, ఆగమన కాలం మొదలు. ఆ ఏడు క్రిస్మస్ కూడా ఆదివారమే పడింది కాబట్టి సరిగ్గా నాలుగు వారాలు చేతిలో ఉన్నాయి. ఆ రోజు వేపచెట్టు కింద మగవాళ్ళు కూడా కూర్చున్నారు. చెట్టుకి సగం కొమ్మలు లేవు. టీచరమ్మ గారు నోట్‌బుక్కు తెరవలేదు. "ఈసారి మనకి పేర్లు తెలియవు" అన్నారు.

ఆ ఏడాది ఎవరికీ కొత్తబట్టలు వద్దనుకున్నారు. ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. ఒకాయన లేచి మా ఇంట్లో ఈసారి వద్దనుకున్నాం అయ్యగారూ అన్నాడు, ఆ వెనకే ఇంకొకరు. మా నాన్న పట్నం బజారులో బట్ట తీయడానికి దాచిన డబ్బులు అలాగే తెచ్చిచ్చారు. పిండివంటలకి తెచ్చిన బెల్లం, నువ్వులు, బియ్యం కూడా గుడికే చేరాయి. మా చెల్లి మాత్రం గౌను కోసం ఏడ్చింది, చిన్నపిల్ల. నాయనమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సముద్రం పక్క ఊళ్ళో నీలాంటి పిల్లలకి ఇల్లే లేదమ్మా అని నెమ్మదిగా చెప్పింది. ఆ సాయంత్రం అది తన పాత గౌన్లలో మంచిది ఏరి తెచ్చి మూటలో పెట్టింది.

బట్టల మూటలు గుడి వసారాలో గుట్టగా పడ్డాయి. లారీ ఎక్కించెయ్యడమే అనుకున్నారు అందరూ. టీచరమ్మ గారు ఒప్పుకోలేదు. ప్రతి మూటా విప్పించారు. ఉతకాల్సినవి ఉతికించారు. చొక్కాలన్నీ చాపల మీద పరిపించి, ఒక్కొక్కదానికీ గుండీలు లెక్కపెట్టించారు. ఒక గుండీ తక్కువైనా పక్కన పెట్టేవారు. మా పిల్లలది సూదిలో దారం ఎక్కించే పని. హార్లిక్స్ సీసా నిండా రకరకాల గుండీలు, వాటిలోంచి సరిపోయేది వెతకాలి. రంగు కలవకపోతే ఫరవాలేదు గానీ సైజు కలవాలి, లేకపోతే కాజాలో నిలవదు. ఎవరో ఒకావిడ విసుక్కుంది. "అన్నీ పోయినవాళ్ళు గుండీలు చూసుకుంటారా టీచరమ్మా?"

"చూసుకుంటారు. అన్నీ పోయినవాడికి వచ్చే మొదటి చొక్కా ఇది. గుండీ లేని చొక్కా ఇస్తే, నీకిది చాల్లే అన్నట్టే. ప్రభువుకి కుడుతున్నాం అనుకుని కుట్టండి."

లాంతరు వెలుగులో ఆవిడ కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉండేవి. చొక్కా పూర్తయ్యాక గుండీని బొటనవేలితో ఒకసారి లాగి చూసేవారు. ఊడకపోతే మడత పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తర్వాత మూటలో పెట్టేవారు. ఎవరు తొడుక్కుంటారో తెలియని మనిషి కోసం ప్రార్థన చేస్తున్నారని మాకు అర్థమయ్యేది. మేమూ అలాగే చెయ్యడం మొదలుపెట్టాం.

లారీ రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్ళింది. నాన్న కూడా వెళ్ళారు. తిరిగొచ్చాక కొన్నాళ్ళు ఆయన అన్నం సరిగ్గా తినలేదు, చూసింది మాకు చెప్పలేదు. క్రిస్మస్ ఉదయం ఆరాధనకి ఆయన మోకాళ్ళ మీద మట్టి మరక పోని పంచెతోనే వచ్చారు. గుడి నిండా పాతబట్టల జనం. ఒక్క సరుగుడు కొమ్మ తప్ప అలంకారం లేదు. బాపట్ల వైపు సముద్రతీరం తోటల్లో ఆ సరుగుళ్ళు ఎన్ని పడిపోయాయో, ఆ పడిన వాటిలోంచే ఎవరో తెచ్చిన కొమ్మ అది. భయపడకండి, మీకు గొప్ప సంతోష వార్త తెచ్చానని దేవదూత కాపరులతో చెప్పిన భాగం అయ్యగారు చదువుతుంటే గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. వెనక వరసలోంచి టీచరమ్మ గారు, పుస్తకం చూడకుండానే, మిగతాది చెప్పారు. నా జన్మలో అంతటి క్రిస్మస్ ఆరాధన మళ్ళీ ఎరగను.

రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగి పాడే కేరల్స్ గురించి కూడా చెప్పాలి. వెదురు బద్దలు వంచి, రంగు గ్లాసు కాగితం అంటించి, లోపల దీపం పెట్టిన పెద్ద స్టారు ముందు నడిచేది. పెట్రోమాక్స్ లైటు, డోలక్, తాళాలు, కంజిర. ఎక్కడికి వెళ్ళాలన్న దానికి మళ్ళీ ఆ నోట్‌బుక్కే. డాబా ఇళ్ళూ, కానుక బాగా వేసే ఇళ్ళూ ముందు కాదు. ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి మొదటి రాత్రి. అక్కడ డోలక్ మోగేది కాదు, మెల్లగా ఒక కీర్తన, ఒక వాక్యం, ప్రార్థన, అంతే. ఆ ఇంటివాళ్ళు ఏడిస్తే ఏడవనిచ్చేవాళ్ళు. మనవాళ్ళల్లో చావు జరిగిన ఇంటికి ఆ ఏడు పండగ లేదని ఎవరూ గుమ్మం తొక్కరు కదా. పండగని ఆ గుమ్మం నుంచే మొదలుపెట్టాలన్నది ఆవిడ పట్టుదల.

మా వీధి చివర టైలరు సాయిబు గారు ఉండేవారు. డిసెంబరంతా ఆయన మిషను అర్ధరాత్రి దాకా తిరుగుతూనే ఉండేది, క్రిస్మస్ బట్టలన్నీ ఆయన దగ్గరే. మేం పాడుకుంటూ వెళ్తుంటే మిషను ఆపి బయటికొచ్చి, "మా గుమ్మం ముందు కూడా ఒకటి పాడండి, మర్యమ్ బీబీ మాట మా ఖురాన్‌లోనూ ఉంది" అని పిలిచేవారు. పాట అయ్యాక అందరికీ వేడివేడి టీ. టీచరమ్మ గారూ ఆయనా గుమ్మంలో నిలబడి మర్యమ్ గురించి మాట్లాడుకోవడం నాకు గుర్తు. ఎవరి నమ్మకం వాళ్ళు చెప్పుకున్నారు, ఎవరూ గొంతు పెంచలేదు. రంజాన్ వస్తే ఆవిడ వాళ్ళింటికి పండ్లు పట్టుకెళ్ళేవారు.

పుస్తకంలో చివరి రకం పేర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోని వాళ్ళవి. అన్నిటికన్నా కష్టమైన పని అదే. ఒక ఏడాది అందులో మా నాన్న పేరూ బాబాయి పేరూ చేరాయి. ఉమ్మడి గోడ గురించి మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అమ్మా పిన్నీ మాత్రం పంపు దగ్గర కలుసుకుని మాట్లాడుకునేవాళ్ళు. నాలుగో ఆదివారం ముందు రోజు సాయంత్రం టీచరమ్మ గారు మా ఇంటికొచ్చారు. గోడ గురించి ఒక్క మాట ఎత్తలేదు. "అబ్బాయ్, క్రిస్మస్‌కి ప్రభువు బల్ల దగ్గరికి నువ్వొస్తావా, మీ తమ్ముడొస్తాడా?" అని అడిగి కాఫీ తాగి వెళ్ళిపోయారు. ప్రభువు బల్ల అంటే గుడిలో అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం. నాన్న చాలాసేపు వసారాలో అటూ ఇటూ తిరిగారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని బాబాయి వాళ్ళింటికి నడిచారు. ఇద్దరూ బయట మంచం మీద కూర్చున్నారు. మునిసిపాలిటీ నీళ్ళు ఎన్నింటికి వదులుతున్నారో మాట్లాడుకున్నారు, నాయనమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు నాన్న, "పండగనాడు పొద్దున్నే అమ్మ దగ్గరికి వచ్చేయండి అందరూ" అన్నారు. బాబాయి "సరే అన్నయ్యా" అన్నాడు. పిన్ని లోపల్నుంచి గబగబా జంతికల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. గోడ అలాగే ఉండిపోయింది, దాని గురించి ఇంకెప్పుడూ ఎవరూ మాట్లాడలేదు.

టీచరమ్మ గారు పోయి చాలా ఏళ్ళైంది. ఉద్యోగరీత్యా నేను విజయవాడలో స్థిరపడ్డాను. మా పిల్లలు పెరిగిన సంఘం వేరు, పాటలు వేరు, డోలక్ పోయి కీబోర్డు వచ్చింది. అందుకు నాకేమీ దిగులు లేదు. పిల్లలు దేవుణ్ణి వాళ్ళ గొంతుతో వాళ్ళు పాడుకుంటారు. నా దిగులంతా ఆ నాలుగు వారాల గురించే. నవంబరు చివర మొదలైన సెమీ క్రిస్మస్ (పండగకి ముందే చేసుకునే క్రిస్మస్) భోజనాలు, కేక్ కటింగులు, ప్రోగ్రాముల టెన్షన్‌తోనే ఆ వారాలు ఖర్చయిపోతుంటే మనసు చివుక్కుమంటుంది. మనసు దున్నుకోవాల్సిన కాలం అది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన ఆ రోజుల్లో, ఊరంతా కదిలింది. అన్నం పొట్లాలు, పాలు, నీళ్ళు అన్ని వైపుల నుంచీ వచ్చాయి. డిసెంబరు నాటికి మాత్రం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. బురద కడుక్కున్నారు గానీ బతుకుతెరువు తిరిగి రాలేదు. ఆగమన కాలం మొదట్లో మా అమ్మాయీ, యూత్ పిల్లలూ సింగ్‌నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి పలకరించి వచ్చారు. నేను చెప్పిన పాత సంగతులు దానికి గుర్తున్నాయి కాబోలు, ఏం కావాలి అని అడగకుండా ఏం పాడైంది అని అడిగారట. చాలా ఇళ్ళల్లో ఒకటే జవాబు, కుట్టుమిషను.

మా సంఘంలో ఒక పెద్దాయన కుట్టుమిషన్ల మెకానిక్కు. పని మానేసి మనవళ్ళతో కాలక్షేపం చేస్తున్నారు. ఆయన్ని బతిమాలి తీసుకెళ్ళారు. ఆ డిసెంబరు శనివారాలన్నీ ఒక ఇంటి అరుగు మీద మిషన్లు విప్పి పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వరదనీళ్ళకి ప్లైవుడ్ బల్లలు ఉబ్బి పొరలు పొరలుగా లేచిపోయాయి. షటిల్లో ఎండిన బురద, బాబిన్ కేసుకి తుప్పు. కిరసనాయిలు దొరక్క డీజిల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిచి, నూనె వేసి, చక్రం చేత్తో తిప్పి చూసేవారాయన. మొదట బిర్రుగా, తర్వాత కొంచెం కొంచెం వదులుగా, చివరికి సూది పైకీ కిందకీ ఆడేది. నేనూ వెళ్ళి తోమే పని చేశాను. మా అబ్బాయి వయసు కుర్రాళ్ళు చేతులకి గ్రీజుతో వాక్యం గురించి మాట్లాడుకుంటుంటే వినడం నాకు ఎంత ఆనందమో చెప్పలేను.

అలా బాగైన మిషన్లలో ఒకటి ఒకావిడది. జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. సండే స్కూలు పిల్లల క్రిస్మస్ నాటకానికి దేవదూతల గౌన్లూ, కాపరుల అంగీలూ ఆవిడకే ఇచ్చారు. ఉచితంగా కుట్టిస్తానంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు, బజార్లో ఏ రేటో ఆ రేటు ఇచ్చి తీరతామంది. ఆవిడ లెక్కగా కూలి తీసుకుంది, బట్టలు చెప్పిన రోజుకి ఇచ్చింది. నాటకం రోజు తను కుట్టినవి పిల్లల ఒంటి మీద ఎలా ఉన్నాయో చూడటానికి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చింది. మధ్యలో, "ఆ అమ్మాయి చేతిలో బాబు ఎవరండీ, వాళ్ళని అందరూ ఎందుకు వెళ్ళగొడుతున్నారు?" అని అడిగింది. మా అమ్మాయి వేదిక దగ్గర పని ఇంకొకరికి అప్పజెప్పి, వచ్చి ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నాటకం అయిపోయినా వాళ్ళ మాటలు అవలేదు. భోజనాల దగ్గర పప్పు గరిటె ఆవిడ అందుకుంది, అన్నం మా అమ్మాయి వడ్డించింది.